అక్క ఎక్కడం మానేసిన కారు

రామచంద్రపురంలో ఉండే మా అక్కకు నడుములో డిస్కు జారింది. నెలకోసారి రాజమండ్రిలో ఎముకల డాక్టరుకు చూపించుకోవాలి. బావకు కారు నడపడం రాదు, నేర్చుకునే ఉద్దేశమూ లేదు. కాబట్టి మొదటినుంచీ మా ఊరి నుంచి వెళ్ళి ఆమెను తీసుకెళ్ళేది నేనే. ఆ పనిని నా చేతిలోంచి లాక్కున్నవాడు ఆమె మరిది.

ఎలా లాక్కున్నాడో నాకు బాగా గుర్తుంది. వాళ్ళింట్లో వ్రతం భోజనాలు. పంక్తిలో నా ఎదురుగా కూర్చుని, నలుగురూ వినేలా అక్కతో అన్నాడు.

"బావగారి బండెక్కాక ఇంక డాక్టరెందుకు వదినా? ఎముకలు దారిలోనే సర్దేసుకుంటాయండి."

అతనికి బావగారిని నేనే. పంక్తి మొత్తం నవ్వింది. మా జిల్లాలో మనిషిని చులకన చేసేటప్పుడు కూడా గారూ అండీ తగ్గవు. తిడితే తిరిగి తిట్టచ్చు. మర్యాదగా నవ్వేవాడిని ఏం చేస్తాం? విస్తట్లో చూపు పెట్టుకుని పులుసన్నం తిన్నాను. ఎవరెవరు నవ్వారో మాత్రం చూసి పెట్టుకున్నాను.

ఆ నెల అక్క అతని కారులో వెళ్ళింది. అతనే బలవంతపెట్టాడని ఫోనులో చెప్పింది. ఆపైన మెల్లగా అంది, "కుదుపులకి నడుం పట్టేస్తోందిరా. నిజమే కదా."

నిజమే. నా కారు పాతది. ముందు షాక్ అబ్జార్బర్లు రెండూ పోయాయి. ఒక గుంటలో పడితే ముందుభాగం పడవలా నాలుగుసార్లు ఊగితే గాని ఆగేది కాదు. కానీ అవి ఎక్కడ పోయాయో కూడా చెప్పాలి. ఆ మరిది తన ఇంటిముందు, ఎవరినీ అడక్కుండా, ఒక స్పీడ్ బ్రేకరు పోయించాడు. ఇసుక లారీలు నెమ్మదిగా వెళ్ళాలట. అది చేను గట్టంత ఎత్తు. దాన్ని చూసి ఆ వీధిలో ఉన్న మిగతా ఆసాములూ తలొకటి పోయించుకున్నారు. అక్కడ పరపతిని సిమెంటు ఎత్తుతో కొలుస్తారు. అతనిది ఎత్తు కారు, తగలదు. ప్రతి నెలా అక్క కోసం ఆ గట్లన్నీ ఎక్కి దిగినది నా కారు.

మా మెకానిక్కు దగ్గరికి వెళ్ళాను. బండి చుట్టూ తిరిగి, "చూద్దామండి," అన్నాడు. మా వైపు ఆ మాటకు చెయ్యను అని అర్థం. లేదు అని చెప్పే ధైర్యం లేక మనిషిని తిప్పుకుంటారు. నేను అయినా వెళ్ళాను. వెళ్ళిన ప్రతిసారీ చూద్దామండి. చివరికి, ఇంత పాత బండికి ఎందుకండి, అమ్మేసుకోండి అని సలహా ఇచ్చాడు. ఆ పూట నేనే బిగించుకుంటానని తేల్చుకున్నాను.

రాజమండ్రిలో విడిభాగాల కొట్టువాడు మరో ఘనుడు. రెండూ ఎడమవైపువే తెచ్చి కౌంటరు మీద పెట్టి, ఏ వైపైనా ఒకటేనండి, తిప్పి బిగించుకోండి అన్నాడు. బ్రేకు గొట్టం తగిలించే పట్టీ ఎటువైపు ఉందో వేలుపెట్టి చూపించాను. అప్పుడు లోపలికి వెళ్ళి కుడివైపుది తెచ్చాడు. క్షమాపణ లేదు.

మా నల్లమట్టిలో జాకీ పెడితే దిగబడిపోతుంది. అందుకని కారును సిమెంటు కళ్ళం మీదకు తీసుకెళ్ళాను. జాకీతో ఎత్తి, కింద ఇనప స్టాండ్లు పెట్టి, చక్రాలు విప్పాను. బోల్టులు తుప్పుతో అతుక్కుపోయాయి. ముందురోజే నూనె పోసి నానబెట్టినా, పొడుగు పైపు తగిలించి ఒళ్ళంతా వేస్తే గాని కదలలేదు. బానెట్ కింద పై నట్లు నేను విప్పుతుంటే మా ఆవిడ చక్రం దగ్గర కూర్చుని షాక్ అబ్జార్బరు పడిపోకుండా పట్టుకుంది.

"ముందు చెప్పి విప్పండి," అంది. "మీ పంతం నా కాలిమీద పడుతుంది."

షాక్ అబ్జార్బరు చుట్టూ ఉండే స్ప్రింగు దగ్గర ప్రమాదం. దాన్ని కొక్కేలున్న పనిముట్టుతో అటూ ఇటూ సమానంగా బిగించి నొక్కిపెట్టాకే కడ్డీ కొసనున్న నట్టు విప్పాలి. లేకపోతే ఎగిరి మొహం పగలగొడుతుంది. దారినపోయే పెద్దమనిషి ఒకాయన ఆగి, నైలాను తాడుతో కట్టేస్తే సరిపోతుంది కదండీ అన్నాడు. ఆయన జీవితంలో స్ప్రింగు విప్పలేదు. సలహాకు మాత్రం సైకిలు దిగాడు. నేను పనిముట్టు ఇంకో చుట్టు బిగించాను.

పాతదాని కడ్డీని చేత్తో నొక్కితే లోపలికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. కొత్తది నెమ్మదిగా, బింకంగా పైకి లేచింది. సాయంత్రానికి రెండువైపులా బిగించాను. మర్నాడు రాజమండ్రి వెళ్ళి చక్రాల అలైన్‌మెంటు చేయించుకున్నాను.

డాక్టరు రోజున చెప్పకుండా అక్క ఇంటికి వెళ్ళాను. మరిది అప్పటికే తన కారు తుడుస్తున్నాడు. అక్క గుమ్మంలో నిలబడి అతనివైపు చూసింది, నావైపు చూసింది. షాక్ అబ్జార్బర్లు మార్చానని మాత్రం చెప్పాను.

"ఎవరు బిగించారండీ?" అన్నాడు మరిది.

"నేనే."

"అయితే జాగ్రత్త వదినా," అన్నాడు, గుడ్డ పిండుతూ.

అక్క వచ్చి నా పక్క సీటులో కూర్చుంది. మొహమాటం కొద్దీ కూర్చుందో, నామీద జాలితోనో నాకు తెలియదు. ద్వారపూడి దాటేదాకా సీటు అంచు పట్టుకునే ఉంది. ఆ తర్వాత చెయ్యి వదిలేసింది. ఇంకాస్త దూరం పోయాక చూస్తే నిద్రపోతోంది. ఆసుపత్రి ముందు లేపాల్సి వచ్చింది.

అక్కడ ఉండగానే మరిది ఫోను. ఒళ్ళు హూనమైందా అని అడిగాడట.

"నిద్రపోయానయ్యా," అంది అక్క. "వచ్చే నెల నువ్వు కారు తియ్యకులే. తమ్ముడొస్తాడు."

ఈమధ్య ఒక పెళ్ళిలో నా వెనక బల్ల దగ్గర అతని గొంతు వినపడింది. బావగారికి షాక్ అబ్జార్బర్లు మార్చమని చెప్పింది తనేనట. ఎంత చెప్పినా విన్లేదట, చివరికి విన్నాడట. నేను వెనక్కి తిరగలేదు. అబద్ధమాడటానికైనా ఆ వస్తువు పేరు నేర్చుకున్నాడు, అంతవరకు సంతోషం. ఆ పెళ్ళికి అక్క నా కారులోనే వచ్చింది.