జెద్దాలో సార్ ఏరిన రాళ్లు

మా కాలేజీ ఫుట్‌బాల్ సార్ పోయారన్న కబురు ఫోన్‌లో వచ్చినప్పుడు నేను జెద్దాలో ఒక మేడ మీద ఏసీ విప్పుకుని కూర్చున్నాను. చదివి, ఫోన్ జేబులో పెట్టుకుని, విప్పినదంతా మళ్లీ బిగించి కిందికి దిగాక గానీ ఏడుపు రాలేదు. పాత ఆటగాళ్ల గ్రూపులో అందరూ ఆయన గెలిపించిన కప్పుల ఫొటోలు పెడుతున్నారు. నాకు ఒక్క కప్పూ గుర్తుకు రాలేదు. రెండేళ్ల కిందట ఇదే ఊళ్లో ఒక శుక్రవారం, గుండు మీద టోపీ సర్దుకుంటూ నా వ్యాన్ ఎక్కిన పెద్దమనిషి గుర్తొచ్చారు.

మాది ఉత్తర తెలంగాణలో ఒక చిన్న పట్టణం. అక్కడి డిగ్రీ కాలేజీలో ఆటలు నేర్పేది ఆయనే. కోపం ముక్కు మీదే ఉండేది. నేను ఎడమ వైపు డిఫెండర్‌ని. "నువ్వు డిఫెండర్‌వార, తీసిపెట్టిన గేటువా? వచ్చినోన్ని వచ్చినట్టు లోపటికి పంపిస్తున్నవ్" అని అందరి ముందూ అరిచేవారు. చదువు పూర్తయ్యేదాకా కాలేజీలో నా పేరు గేటే. ఆయనంటే భయం, ఆయన లేకపోతే దిగులు. ఆ రెండూ ఒకే మనిషి మీద ఎలా ఉంటాయో ఆయన దగ్గర ఆడినవాళ్లకే తెలుసు.

ఆయన గ్రౌండుకు ఒక పద్ధతి ఉండేది. మా గ్రౌండ్ నిండా కంకర రాళ్లు, తుమ్మ ముళ్లు, రాత్రి తాగినవాళ్లు పగలగొట్టిపోయిన సీసాల పెంకులు. ఆటకు ముందు టీమంతా ఒక గోలు దగ్గర భుజం భుజం ఆనించి వరసగా నిలబడాలి. నడుము వంచి అవతలి గోలు దాకా నడవాలి. కాళ్ల దగ్గర ఏది కనిపిస్తే అది ఏరాలి. సార్ కూడా వరసలోనే ఉండేవారు. వేరే ఊరు ఆడడానికి వెళ్లినా అంతే, వాళ్ల గ్రౌండ్ కూడా మేమే ఏరేవాళ్లం. "వీళ్లు మ్యాచికొచ్చిండ్రా, కలుపు తియ్యనొచ్చిండ్రా" అని జనం నవ్వితే మాకు తల కొట్టేసినట్టుండేది. ఒకసారి మేం తెలివికి పోయి మా సగమే ఏరి, అవతలివాళ్ల సగం వదిలేశాం. సార్ రిఫరీని ఆపి, మమ్మల్ని వెనక్కి పంపి, అది కూడా ఏరించాకే బంతి కదలనిచ్చారు.

జెద్దాకు వచ్చిన కొత్తలో మా కాలేజీవాళ్లం ఇద్దరం ఒకే క్యాంపులో ఉండేవాళ్లం. లారీ షెడ్ల వెనక ఒక ఖాళీ జాగాలో శుక్రవారాలు బంగ్లాదేశ్, సూడాన్, యెమెన్ వాళ్లు ఫుట్‌బాల్ ఆడేవారు. మమ్మల్నీ రమ్మన్నారు. అది గ్రౌండ్ కాదు, రాళ్ల గుట్టను పరిచినట్టుంది. అలవాటు కదా, మాకు తెలియకుండానే నడుములు వంగాయి. మొదట నవ్వారు. తర్వాత ఒకరిద్దరు కలిశారు. కొన్ని నెలలకు అందరూ వరసకట్టారు. నా జతగాడు హుఫూఫ్ అనే వేరే ఊళ్లో పని దొరికి వెళ్లిపోయాడు. మోకాలు దెబ్బతిని నేను ఆట మానేశాను. ఆడేవాళ్లు మారిపోతూనే ఉన్నారు, ఏరడం మాత్రం ఆగలేదు. అటువైపు పనికి వెళ్లినప్పుడు వ్యాన్ ఆపి చూసేవాణ్ని. వాళ్లలో నన్ను ఎరిగినవాడు ఒక్కడూ ఉండేవాడు కాదు.

రెండేళ్ల కిందట సార్ ఉమ్రాకు, మక్కా యాత్రకు వచ్చారు. నేను హిందువును, మక్కాలోకి వెళ్లే వీల్లేదు. అందుకని ఆయనే ఫోన్ చేసి, తిరుగు విమానానికి ముందు జెద్దాలో ఆగుతామని చెప్పారు. వాళ్ల బస్సు పాత బజారు దగ్గర ఆగింది. ఉమ్రాలో తీయించుకున్న ఆ నున్నటి గుండుతో ఆయన్ని ఎప్పుడూ చూసి ఎరగను, పక్కనుంచే దాటిపోయాను. "ఏం ర గేటు, నన్ను గూడ లోపటికి పంపిస్తున్నవా?" అని వెనకనుంచి వినపడింది. నడిబజార్లో ఆయన కాళ్లు పట్టుకున్నాను.

టీ తాగుతూ కాలేజీ సంగతి అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"గ్రౌండ్ల సగం బిల్డింగు లేసింది, సగం బండ్లు పెడ్తున్నరు. నా తర్వాత సారును గూడ వెయ్యలే. టీమే లేదు ఇప్పుడు" అన్నారు. గ్లాసులోకి చూస్తూ మెల్లగా అన్నారు, "కాబా ముంగట నిలవడ్డప్పుడు గూడ అదే మనసుల మెదిలింది. ఇన్నేండ్లు పోరగాండ్లను తిట్టుకుంట, ఉరికిచ్చుకుంట బతికిన. ఏం మిగిలిందిర?"

నా మీద అరిచినప్పుడు కూడా అంత బాధ కలగలేదు. ఆయన ఆ మాటతోనే విమానం ఎక్కకూడదనిపించింది. వాళ్ల యాత్ర గ్రూపు పెద్దను బతిమాలాను. పొద్దు గూకాక చేసే మగ్రిబ్ నమాజుకు బస్సు దగ్గర దింపకపోతే వదిలేసి పోతామని బెదిరించి మరీ ఒప్పుకున్నాడు. ఎక్కడికని సార్ అడిగితే చెప్పలేదు. శుక్రవారం కాబట్టి వాళ్లు ఉంటారని నమ్మకం. దారిలో ట్రాఫిక్ ఆగినప్పుడల్లా నా గుండె కూడా ఆగింది.

షెడ్ల వెనక్కి వ్యాన్ తిప్పేసరికి వాళ్లు అప్పుడే వచ్చి బూట్లు కట్టుకుంటున్నారు. కాసేపటికి పొడుగాటి సూడాన్ గోల్‌కీపర్ చప్పట్లు కొట్టి, పదండి అన్నట్టు "యల్లా" అన్నాడు. నాలుగైదు దేశాలవాళ్లు గోలు దగ్గర భుజాలు ఆనించి వరసగా నిలబడ్డారు. నడుములు వంగాయి. వరస కదిలింది. సార్ అద్దంలోంచి చూస్తున్నారు. ఆయన చెయ్యి తలుపు పిడి మీద ఉంది గానీ తియ్యడం మర్చిపోయినట్టున్నారు. నేనే తీశాను.

దిగి, పోయి వరస చివర నిలబడి వంగారు. నేను ఆయన వెనకే వెళ్లాను. వయసు మీద పడింది కదా, ఒక చెయ్యి మోకాలి మీద పెట్టుకుని, దూరంగా కనిపించిన రాయికోసం తడబడుతూ ముందుకు పోయారు. కీపర్ అది చూసి నవ్వుతూ వచ్చి ఆయన భుజం పట్టుకున్నాడు. "హాజీ, ఐసే నై. ఆహిస్తా. దూర్ మత్ దేఖో, పావ్ కే పాస్ దేఖో" అని, దూరం కాదు కాళ్ల దగ్గరే చూడమని క్యాంపుల్లో పట్టిన ఉర్దూలో చెబుతూ వంగి చూపించాడు. అవతలి గోలు వైపు చెయ్యి చాపి, అక్కడ కూడా ఏరాలన్నాడు. "గిర్నేవాలా కిస్ టీమ్ కా హై, పత్థర్ నై పూఛ్‌తా" అన్నాడు.

పడేవాడు ఏ టీమువాడని రాయి అడగదు. అది సార్ మాట. ఆ రోజు మమ్మల్ని వెనక్కి పంపుతూ అన్న మాట. నేను నా వచ్చీరాని ఉర్దూలో ఎప్పుడో ఎవరికో చెప్పి ఉంటాను. ఎవరి నోటి నుంచి ఎవరి నోటికి మారి ఇతని దగ్గరికి చేరిందో ఆ దేవుడికే తెలియాలి.

ఇది ఈయనదే, మొదలుపెట్టింది ఈయనే అని చెప్పబోయాను. సార్ నా మణికట్టు గట్టిగా పట్టుకుని, తల అడ్డంగా ఊపారు. తర్వాత కీపర్ వైపు తిరిగి, మొదటిరోజు కాలేజీకి వచ్చిన పిల్లవాడిలా తలొంచి, "జీ, ఉస్తాద్" అన్నారు. కీపర్ చూపించినట్టే, కాళ్ల దగ్గరే చూస్తూ, అవతలి గోలు దాకా ఏరారు. అంత పెద్ద మనిషిని నేను ఈ కళ్లతో మళ్లీ చూడలేదు.

వ్యాన్‌లో నాకు ఉడుకుమోత్తనం వచ్చింది. "ఎందుకు సార్ చెప్పనియ్యలే? వాళ్లకు తెల్వద్దా?" అన్నాను.

"నాకు గూడ ఒక సారే నేర్పిండుర ఇది. ఆయన పేరు మీకెన్నడన్న చెప్పిన్నా?"

లేదన్నాను. సార్ దుమ్ము అంటిన అరచేతితో కళ్లు తుడుచుకున్నారు.

"ఆయన గూడ పోయే ముంగట గిదే అన్నడు, ఏం మిగిలిందని. తోలుకవొయ్యి సూపెట్టెటోడు ఆయనకు లేకుండె."

అప్పుడు ఆ పేరు చెప్పారు. నేనెప్పుడూ వినని పేరు.