పది మిల్లీలీటర్ల నీళ్ళు

ఆ ఉదయం ఆరున్నరకు మా ఇంటి వసారాలో ఉన్నవాళ్ళు నలుగురు: నాయన, అమ్మ, చిన్నాయన, నేను. ఉన్న వస్తువులు: ఒలిచిన వేరుశనగ విత్తనం మూటలు ఆరు, విత్తనానికి మందు పట్టించడానికి పరిచిన టార్పాలిన్ పట్ట ఒకటి, మందు పొట్లాలు, గోడవారన పాత కుట్టుమిషన్ బల్ల, దాని మీద నీళ్ళు పోసిన స్టీలు పళ్ళెం, పళ్ళెం మధ్యలో చీమల పెట్టె. పెట్టెలో ఒక రాణి, ముందురోజు ఫోటో తీసి లెక్కపెట్టిన ప్రకారం రెండు వందల పన్నెండు పనిచీమలు, లెక్కకు అందనన్ని తెల్లటి గుడ్లు. వాకిట్లో చిన్నాయన ట్రాక్టరు, దాని వెనక విత్తనం వేసే గొర్రు. వాన పడి ఆరు రోజులైంది.

పెట్టె సంగతి ముందు చెప్పాలి. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదివి, బెళుగుప్పలో మోటర్లు వైండింగ్ చేసే షాపులో పనిచేస్తున్నాను. అంతకు ముందు ఏడాది తొలకరికి వాకిట్లో రెక్కలు రాల్చుకుంటున్న ఒక రాణి చీమ దొరికితే, నీళ్ళూ దూదీ పెట్టిన గాజు గొట్టంలో ఉంచాను. ముప్పై ఒకటో రోజున మొదటి పనిచీమ కనిపించింది. నువ్వుగింజ కన్నా చిన్నది. సంఖ్య పెరిగాక ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌తో అరచేయంత గూడు పోసి, ముందువైపు గాజు పలక బిగించి, నిలువుగా నిలబెట్టాను. కింద ఒక గది, పైన ఒక గది, మధ్యలో పుల్ల దూరేంత దారి. కింది గది మూలకు రోజూ సిరంజితో రెండు మిల్లీలీటర్ల నీళ్ళు. చీమలకు చెమ్మ కావాలి, అది కూడా కొంచెమే. ఎక్కువైతే గుడ్లకు బూజు పడుతుంది. రోజూ ఎన్ని నీళ్ళు, ఎంత వేడి, ఎన్ని చీమలు అన్నది ఒక నోటుబుక్కులో రాసేవాణ్ణి.

ఇంట్లో దాన్ని ఎవరూ లెక్కచేయలేదు. చిన్నాయన వచ్చినప్పుడల్లా, "ఏమప్పా ఇంజినీరూ, పాలెంత ఇస్తాండాయి నీ గొడ్లు?" అనేవాడు.

"పాలు యాడివి, నా చక్కెర డబ్బా ఖాళీ అయితాండాది," అనేది అమ్మ. "నేను చీమలు రాకుండా డబ్బాను నీళ్ళ పళ్ళెంలో పెడ్తా. వీడు చీమలు పోకుండా నీళ్ళ పళ్ళెంలో పెడ్తాడు."

నాయన ఆ మాత్రం కూడా అనేవాడు కాదు. "మూడేండ్లు చదివిపిస్తే చీమలు మేపుతాండాడు," అని ఒక్కసారి అన్నాడు. తర్వాత ఆ బల్ల వైపు చూడ్డమే మానేశాడు.

ఆ ఆరు మూటలే మాకున్న విత్తనం. నాలుగెకరాలకు సరిపోతుంది, రెండోసారి విత్తడానికి మిగలదు. ముందటేడు పంట పోయినప్పుడు నాయన బెంగుళూరులో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా పోయి తొమ్మిది నెలలు ఉన్నాడు. ఈసారి చేను నిలిస్తే ఇంటి దగ్గరే ఉంటాడు, పోతే మళ్ళీ బెంగుళూరే. ఈ మాట ఇంట్లో ఎవరూ పైకి అనకపోయినా, అమ్మ ఆయన వాచ్‌మన్ చొక్కాను ఉతికి ట్రంకుపెట్టె అడుగున పెట్టడం నేను చూశాను.

ఆరు రోజుల కిందటి వాన చాలీచాలని వాన. ఎర్రనేల పైన ఎండిపోయి, నాలుగు వేళ్ళ లోతున కొంచెం పదును మిగిలింది. అందులో విత్తి, వారంలోగా ఇంకో వాన పడితే మొలక బతుకుతుంది. పడకపోతే గింజ ఉబ్బి మట్టిలోనే చస్తుంది. విత్తాలా, ఆగాలా అని నాయన రెండు రోజులుగా చేను గట్టు మీదికీ ఇంటికీ తిరుగుతూనే ఉన్నాడు. ముందురోజు సాయంత్రం ఇంట్లో ముప్పై ఎనిమిది డిగ్రీలు ఉంది. చీమలకు వేడి తగులుతుందనుకుని నేను గూటికి రెండుకు బదులు పది మిల్లీలీటర్లు పోశాను. నోటుబుక్కులో రాసి పడుకున్నాను.

పొద్దున నాయన పిలుపుకు లేచాను.

"రేయ్, ఇట్ల రా."

ఆయన కుట్టుమిషన్ బల్ల ముందు గొంతుకూర్చుని ఉన్నాడు. ముక్కు గాజుకు తగిలేంత దగ్గరగా చూస్తున్నాడు.

"చూడు. గుడ్లు నోట కరుచుకోని పైకి పోతాండాయి. ఒగటి గూడా కిందికి దిగల్యా."

కింది గది గోడలు తడిసి నల్లబడ్డాయి. చీమలు బారుగా పై గదికి ఎక్కుతున్నాయి. రాణి అప్పటికే పైన ఉంది.

చీమలు గుడ్లు పైకి మోస్తే వాన వస్తుందని మా వైపు అందరికీ తెలుసు. చిన్నాయన కూడా వంగి చూశాడు.

"అవునన్నా, అన్నీ మేడెక్కినాయి," అని నవ్వి, వెంటనే వాకిలి వైపు తల తిప్పాడు. "అయినా గాలి చూసినావా? ఆ గాలిమరలు నిలిచిందే ల్యా. ఈ గాలికి మబ్బు ఆగుతాదా?"

ఊరి పడమర గుట్ట మీద గాలిమరలు పదమూడు. పదమూడూ తిరుగుతున్నాయి. కదిలే రెక్కల హోరు వసారాలోకి వినిపిస్తోంది.

"మరలకేం తెల్సు లేప్పా," అన్నాడు నాయన. "మా నాయన వీటిని చూసే విత్తనం ఎత్తేటోడు."

"మీ నాయన మా నాయన కాదా ఏంది? సరే, విత్తేదైతే ఇప్పుడే చెప్పన్నా. రేపట్నుంచి పక్కూర్లో ఒప్పుకున్యా. మళ్ళీ వారానికి గానీ ఈ పక్కకు రాను."

అమ్మ మందు పొట్లం చేతిలో పట్టుకుని నిలబడింది. ఆ మందు ఎర్రటి పొడి. ఒకసారి పట్టించాక ఆ గింజ తినడానికి పనికిరాదు, గానుగకు పనికిరాదు, మట్టిలోకి పోవాల్సిందే. నాయన నా వైపు తిరిగాడు. ఆయన మొహం ఆ రెండు రోజుల్లో మొదటిసారి తేటగా ఉంది.

"ఏం రా, నీ చీమలు అబద్ధం చెప్తాయా?"

అడిగిన ప్రశ్నకు సరిగ్గా జవాబు చెప్పడం నాకు చదువుతో వచ్చిన అలవాటు.

"చీమలు అబద్ధం చెప్పవు నాయనా," అన్నాను.

ఆయన అప్పటికి పావుగంటగా నా పెట్టె ముందు కూర్చుని ఉన్నాడు. ఏడాదిలో మొదటిసారి. నీళ్ళ సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదంటే అదే కారణం, వేరే ఏదీ లేదు. నాయన అమ్మకు తలూపాడు. అమ్మ పొట్లం చించింది.

సాయంత్రం నాలుగున్నరకు చివరి సాలు పూర్తయింది. నాయన తొట్టి దగ్గర కూర్చుని చేతుల ఎరుపు సబ్బుతో రుద్దుకుంటున్నాడు. ఎంత రుద్దినా గోళ్ళ సందుల్లో పోలేదు. నేను పక్కన నిలబడి చెప్పాను.

"నాయనా, నిన్న గూటికి నీళ్ళు ఎక్కువ పోసినా. తడికి ఎక్కినాయి అవి."

"ఎంత పోసినావు?"

"పది. రెండు పోయాల."

"పది ఏంది?"

"మిల్లీలీటర్లు. సీసా మూతతో రెండు మూతలు."

ఆయన చేతులు ఆగాయి. తొట్టి అంచు మీదున్న నీళ్ళ సీసా మూతను కొంచెంసేపు చూశాడు.

"పొద్దున చెప్పింటే?"

అంతే అన్నాడు. మళ్ళీ చేతులు రుద్దుకోవడం మొదలుపెట్టాడు.

తర్వాత నోటుబుక్కులో చీమల పక్కన ఆకాశాన్ని కూడా రాశాను. మొదటి రోజు, మబ్బు, గాలి. రెండు, మబ్బు, గాలి. మూడు, ఎండ. నాలుగు, సాయంత్రం తూర్పున ఉరుము, చినుకు లేదు. ఐదు నుంచి తొమ్మిది వరకు ఒకే మాట, గాలి. గాలిమరలు ఏ రోజూ ఆగలేదు. చిన్నాయన పక్కూరు నుంచి వచ్చి వాకిట్లో నిలబడి, గొడ్ల గురించి అడగకుండానే పోయాడు. పెట్టెలో కింది గది ఆరేసరికి చీమలు గుడ్లను మళ్ళీ కిందికి దించుకున్నాయి. అది నాయన కూడా చూశాడు.

పన్నెండో రోజు నేను చేనికి పోయి, టేపుతో ఒక సాలులో పది అడుగులు కొలిచి, పుల్లతో తవ్వాను. ముప్పై ఒక్క గింజలు దొరికాయి. ఇరవై ఎనిమిది ఉబ్బి, తోలు చిట్లి, లోపల నల్లబడి ఉన్నాయి. మూడు మొలిచాయి. మూడింటి ఆకులూ అంచుల్లో మాడిపోయి ఉన్నాయి. ఇంకో రెండు చోట్ల కొలుద్దామనుకున్నవాణ్ణి, టేపు చుట్టేశాను.

విత్తిన ఇరవై మూడో రోజున వాన పడింది. మంచి వాన. వాగూ వంకా పారాయి. చేనంతా గరిక మొలిచింది. అప్పటికి నాయన ట్రంకుపెట్టె అడుగు నుంచి చొక్కా తీసుకుని బెంగుళూరు బస్సెక్కి నాలుగు రోజులైంది. పోయే ముందు సంచి భుజాన వేసుకుని బల్ల దగ్గర నిలబడ్డాడు.

"రెండే పొయ్యి," అన్నాడు పెట్టెను చూస్తూ. "మీ అమ్మకు అప్పజెప్పొద్దు. నువ్వే పొయ్యి."

ఆదివారాలు మధ్యాహ్నం ఫోన్ చేస్తాడు. వెనక లిఫ్టు తలుపు మూసుకునే చప్పుడు వినిపిస్తుంది. అమ్మతో తిండి గురించి, మందుల గురించి మాట్లాడి, నాకిమ్మంటాడు. నాతో ఒకటే అడుగుతాడు.

"ఎన్నుండాయి రా ఇప్పుడు?"

పోయిన ఆదివారం నోటుబుక్కు చూసి చెప్పాను. నాలుగు వందల ఆరు.