పింఛను దరఖాస్తులో రాయని పన్నెండు రోజులు

జగిత్యాల కోర్టులో నా మొగుడి తరఫు వకీలు ఒక జిరాక్సు కాయితం పైకెత్తి, కింద ఉన్న సంతకం నాదేనా అని అడిగాడు. నాదే. పదో తరగతి దాకా చదువుకున్నదాన్ని, నా సంతకాన్ని నేను కాదనలేను. అయితే పైన ఏముందో చదవమన్నాడు. ఏడాదిన్నరగా భర్తతో ఎలాంటి సంబంధం లేకుండా ఒంటరిగా బతుకుతున్నానని ఉంది. ఒంటరి మహిళల పింఛను కోసం ఏళ్ల కిందట నేను పెట్టుకున్న దరఖాస్తు అది. ఆ తేదీ నుంచి ఆరు నెలలకు నా బిడ్డ పుట్టింది. వకీలు నెలలు లెక్కపెడుతున్నట్టు వేళ్ల మీద బొటనవేలు ఆడిస్తూ జడ్జి వైపు చూశాడు. ఆ వేళ్లు విరిచేద్దామన్నంత కోపం వచ్చింది నాకు.

నా పుట్టిల్లు కోరుట్ల. మేడిపల్లి దగ్గరి ఊళ్లో, భూమి ఉన్న ఇంటికి ఇచ్చారు. పెళ్లయిన మూడో నెలకే ఆ మనిషి దుబాయి పోయాడు. మొగుడు అనడానికి నాకు నోరు రాదు, ఆ మనిషి అనే అంటాను. అత్త నోటికి తాళలేక ఏడాది తిరక్కుండానే నేను కోరుట్ల వచ్చేశాను. తర్వాత సెలవు మీద వచ్చినప్పుడు అతను తల్లికి తెలియకుండా ముందు మా ఇంటికే వచ్చి పన్నెండు రోజులు ఉన్నాడు. మా అమ్మ ఇంట్లో ఉన్న నాలుగు కోళ్లూ కోసింది. జగిత్యాలలో గది చూస్తానని, వేరే కాపురం పెడదామని తియ్యగా చెప్పాడు. నమ్మాను. విమానం ఎక్కాక ఫోన్లు తగ్గాయి. నెల తప్పానని చెప్పిన రోజు నుంచి అసలే లేవు.

తల్లి ఏదో నూరిపోసి ఉంటుందని, అందుకే అనుమానం పట్టుకుందని అనుకున్నాను. చాలా ఏళ్లు అదే అనుకున్నాను.

అప్పుడే మా వాడలో ఒంటరి ఆడవాళ్లకు పింఛను రాస్తున్నారని తెలిసి పోయాను. మొగుడికి దూరమై కనీసం ఏడాది కావాలట. దరఖాస్తులు రాసే ఆయనకు ఉన్నదున్నట్టు చెప్పాను. అత్తగారిల్లు విడిచి ఏడాదిన్నర అయింది, మధ్యలో ఆయన పన్నెండు రోజులు వచ్చి పోయాడు అని. ఆయన కలం ఆపాడు.

"గా ముచ్చట ఎందుకమ్మా? వచ్చి పోయిండని రాస్తే ఒంటరెట్లయితవ్? అందరికీ గిట్లనే రాస్తున్న."

నా వెనక నిలబడ్డవాళ్లు కూడా తొందరగా కానియ్యమన్నారు. వాళ్లలో ఒకామె మొగుడు ఏటా రెండుసార్లు బొంబాయి నుంచి వచ్చి పోతాడని వాడంతా తెలుసు. నాకప్పుడు మూడో నెల. నా కడుపు వంక ఎవరూ చూడలేదు, అడగలేదు. పన్నెండు రోజులు వదిలేసిన కాయితం మీద సంతకం పెట్టి వచ్చాను. రాసినాయన్ని తిట్టుకోవడం తేలికే, కానీ సంతకం పెట్టింది నేను.

బిడ్డ పుట్టాక సిరిసిల్లలో ఉన్న మా అక్క దగ్గరికి వచ్చేశాను. మరమగ్గాలు నడిచే సాంచాల కార్ఖానాలో నూలు కండెలు చుట్టే పని దొరికింది. చేతులకు పని, చెవులకు మోత, తలలో ఏ ఆలోచనా నిలవదు. ఆ మోతలోనే బిడ్డ పాకింది, నడిచింది. బడిలో వేసేటప్పుడు తండ్రి ఆధార్ తెమ్మన్నారు. దుబాయి నుంచి వచ్చేసి ఊళ్లో వరికోత మిషను తిప్పుకుంటున్న ఆ మనిషి దగ్గరికి మా మేనమామను పంపాను. ఆ పిల్ల మాది కాదు, ఎవలదో వాళ్లనే అడుగుమను అన్నారట. అతనికి రెండో సంబంధం చూస్తున్నారని కూడా తెలిసింది. ఆ వారమే జగిత్యాల పోయి మెయింటెనెన్స్ కేసు వేశాను. నాకు కావాల్సింది అతని సొమ్ము కాదు. నా బిడ్డ ఎవరిదో వాడితో ఒప్పించాలి. ఎదురుగా వచ్చింది మాత్రం నా సంతకం.

కోర్టు బయటికి రాగానే మా వకీలమ్మ నా మీద విరుచుకుపడింది. పింఛను సంగతి ముందే ఎందుకు చెప్పలేదంది. ఇప్పుడు ముందు నుయ్యి, వెనుక గొయ్యి. కాయితంలో ఉన్నది నిజమంటే బిడ్డ అతనిది కాకుండా పోతుంది. అబద్ధమంటే సర్కారును మోసం చేశానని నిండు కోర్టులో నా నోటితో నేనే ఒప్పుకోవాలి. పింఛను పోతుంది, ఇంకేమైనా కూడా కావచ్చు.

"బిడ్డ కావాల్నా పింఛను కావాల్నా, నువ్వే చూస్కో చెల్లె," అంది.

చూసుకునేదేముంది? కానీ ఈ మాట కోరుట్లకు పాకింది. నాతో పాటు ఆ రోజు సంతకాలు పెట్టిన ఆడవాళ్లు మా అమ్మ ఇంటి మీదికి వచ్చారు. నీ బిడ్డ కొంపకు నిప్పు పెట్టుకుంటే పెట్టుకోమను, మా కొంపలెందుకు అంటిస్తదని నిలదీశారు. నేను వాళ్ల పేర్లు ఎత్తనని మా అమ్మ ఒట్టు పెట్టాక గానీ కదల్లేదు. నన్ను తిట్టనివాళ్లు ఆ నెలలో ఎవరూ మిగల్లేదు.

తర్వాతి వాయిదాకు బోనెక్కాను.

"కాయితంల పన్నెండు రోజులు దాచిన సారూ. గది నా తప్పే. పింఛను బంద్ చెయ్యిన్రి. కని పిల్ల ఆయనదే. రక్తం పరీక్ష చేయించున్రి."

జడ్జి పరీక్షకు ఆదేశించారు. ఆ సాయంత్రమే అత్త తరఫు పెద్దమనిషి ఒకాయన మా అక్క ఇంటికి వచ్చాడు. కేసు వెనక్కి తీసుకుంటే, పిల్ల వాళ్లది కాదని నేను రాసిస్తే, జాలిపడి నెలనెలా ఏదో పంపుతారట. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు పట్టుకునే రకం వాళ్లు. వాకిట్లోనే నిలబెట్టి, మంచినీళ్లు కూడా ఇవ్వకుండా పంపాను. తమది కాని పిల్లకు డబ్బు ఎందుకు పంపుతారని అప్పుడైనా నాకు తట్టాల్సింది. కోపం మీద ఉన్నాను, తట్టలేదు.

రక్తం తీసే రోజు ముగ్గురం ఒకే బల్ల మీద కూర్చున్నాం. బిడ్డ మధ్యలో. జ్వరం పరీక్ష అని దానికి చెప్పాను. సూది గుచ్చితే ఏడవలేదు. అత్త ఎదురుగా నిలబడి, నర్సు వినేట్టు, నా బిడ్డ వినేట్టు అంది, "గిది మా పోరి కాదు. ఎన్ని సూదులు గుచ్చినా కాదు."

బిడ్డ ఆమె వంక చూసింది, ఆ మనిషి వంక చూసింది. అతను ఫోను చూసుకుంటున్నాడు. బస్సులో మల్యాల దాటేదాకా నా ఒళ్లో తల పెట్టుకుని పడుకున్నట్టే ఉంది, కళ్లు మూయలేదు. ఇంటికొచ్చాక నన్ను ఏమీ అడగలేదు. అడిగితే బాగుండునని, అడగకపోతే బాగుండునని, రెండు రకాలుగానూ చచ్చాను. పింఛను ఆ నెలలోనే ఆగిపోయింది.

రిపోర్టు వచ్చింది. బిడ్డ అతనిదే. పెంపకం ఖర్చులు ఇవ్వాలని కోర్టు తేల్చింది. హాలు బయట మెట్ల దగ్గర అతను ఒక్కడే నిలబడి ఉన్నాడు. ఏడేళ్ల తర్వాత మొదటిసారి నేను అతన్ని పలకరించాను.

"ఇప్పటికన్న నమ్మినవా?"

"నమ్ముడేంది? మొదటి సంది నాకు ఎర్కనే," అన్నాడు. "నువ్వు రాసిచ్చిన కాయితం దొరికింది. గంతే."

బస్సు వేళయిందన్నట్టు గడియారం చూసుకుని దిగిపోయాడు.

ఏడేళ్లు నేను తిట్టుకున్నది అనుమానపు మనిషిని. తల్లి మాట విని బుద్ధి గడ్డితిన్నవాణ్ణి. అలాంటివాణ్ణి ఎప్పటికో ఒకప్పటికి క్షమించేదాన్నేమో. తెలిసి తెలిసి సొంత బిడ్డను కాదన్నవాణ్ణి ఏమని తిట్టాలో ఆ మెట్ల మీద నాకు మాట దొరకలేదు. తిట్లకు నేను వెతుక్కునేదాన్ని కాదు.

సిరిసిల్ల చేరేసరికి బిడ్డ వాకిట్లో ఎదురుచూస్తోంది. అక్క దానికి అంతా చెప్పేసినట్టుంది. జడ్జి సారు ఏమన్నాడని అడిగింది. నువ్వు మీ బాపు బిడ్డవేనని చెప్పాడన్నాను.

"గిన్ని రోజులు బాపుకు ఎర్కలేకుండెనా అమ్మా?"

నేను చెప్పులు విడిచాను. చాలాసేపు విడిచాను.

"ఎర్కలేకుండె బిడ్డా. ఎవలో తప్పు చెప్పిన్రు."

ఇప్పుడు ఎర్కైంది గద అంది. దాని మొహం తేటపడింది. పక్కింటి పిల్లలతో ఆడుకోవడానికి పరుగెత్తింది. ఆ మనిషికి నా బతుకులో నేను చేసిన మేలు అదొక్కటే. అదీ అతని కోసం చేసింది కాదు.