వంక దొరకని గుమ్మటం

ఎవరింటికి వెళ్లినా గుమ్మంలోనే ఆగి, ఒక కన్ను మూసి గోడ వంపు చూడటం ఆ అత్తగారికి అలవాటు. తలుపు కిర్రుమంటోందనో, మెట్టు ఎత్తుగా ఉందనో అననిదే కూర్చోరు. చుట్టాలు చాటుగా వంకలమ్మ అంటారు. కొత్త కోడలు ఆవిణ్ణి ఇస్లామిక్ కళల మ్యూజియానికి తీసుకెళ్తానంటే, కొడుకు "నీ ధైర్యానికో దండం" అని ఇంట్లోనే ఉండిపోయాడు.

అక్కడ ఆవిడ కళ్లజోడు తుడుచుకుని మరీ పనిలోకి దిగారు. నీలం పలకల మీది నక్షత్రాల అతుకులు వంగి వంగి వెతికారు. రాతి జాలీ కిటికీలో ఒక్కో కన్నాన్నీ పక్కదానితో పోల్చారు. చివరికి తేనెపట్టులా గూళ్ల మీద గూళ్లు పేర్చిన గుమ్మటం కింద తలెత్తి, చూస్తూ చూస్తూ తన చుట్టూ తానే తిరగడం మొదలుపెట్టారు.

"అత్తయ్యా, పడిపోతారు!" అని కోడలు పట్టుకోబోయింది. ఆవిడ పకపకా నవ్వేశారు. ఆ నవ్వు గుమ్మటమంతా చుట్టి మళ్లీ కిందికొచ్చింది.

"ఒక్క వంకైనా దొరకలేదే పిల్లా! ఇంత హాయిగా ఎప్పుడూ ఓడిపోలేదు."

జాలీలోంచి పడిన వెలుగు కోడలి ముఖం మీద చుక్కలు చుక్కలుగా మెరుస్తోంది. ఆవిడ ఆ చెంపలు రెండూ పట్టుకున్నారు.

"నువ్వూ బాగున్నావే!"

పెళ్లయ్యాక ఆ మాట వినడం కోడలికి అదే మొదలు. అత్తగారి చేతులు పట్టుకుని తనూ గిర్రున తిరిగింది.