చేపల తట్టకు చోటు

మా దారిలో జీప్నీ నడిపే ఆడమనిషి ఒక్కతే ఉంది. పేరు పెర్పెతువా సుమగైసై. అంత పొడుగు పేరు పిలిచే ఓపిక మా ఇలోయిలో ఊళ్లో ఎవరికీ లేదు కాబట్టి అందరికీ ఆవిడ పేతాంగ్. వయసులో చిన్నవాళ్లం అక్కను పిలిచినట్టు మనాంగ్ పేతాంగ్ అంటాం. మొగుడు పోయాక జీప్నీ అమ్మేసి ఏదైనా కొట్టు పెట్టుకోమని చుట్టాలంతా సలహా ఇచ్చారు. కొట్టులో కూర్చుంటే నిద్రొస్తుందని చెప్పి ఆవిడ స్టీరింగు పట్టుకుంది.

నేను పెద్ద మార్కెట్ పక్క సందులో దర్జీని. విల్లా తీరం నుంచి రోజూ ఆవిడ బండిలోనే వెళ్తాను. కూర్చునేది డ్రైవరు వెనక సీటు. ఆ సీటులో కూర్చున్నవాడికి దారి పొడుగునా చాకిరీ తప్పదు. జీపును పొడుగ్గా సాగదీసి, రెండు పక్కలా బెంచీలేసిన బండి జీప్నీ. అందులో కండక్టరు ఉండడు. వెనక గుమ్మం దగ్గరి మనిషి ఇచ్చిన ఛార్జీ చేతులు మారుతూ ముందుకొస్తుంది, చిల్లర అదే దారిన వెనక్కి పోతుంది. ఇంట్లో అన్నదమ్ములు గోడ కోసం కొట్టుకు చస్తారు గానీ, జీప్నీలో ముక్కూ మొహం తెలియని వాళ్ల డబ్బు మాత్రం ఎవరూ ముట్టుకోరు. మా ఊరి గురించి గొప్పగా చెప్పమంటే నేను చెప్పేది ఈ ఒక్కటే.

పొద్దున మొదటి ట్రిప్పు చేపలమ్మే ఆడవాళ్లది. రెండు బెంచీల మధ్య తట్టలు, తట్టల మధ్య మన కాళ్లు. చెప్పులు తడుస్తాయి, బట్టలకు వాసన పడుతుంది. అయినా ఆ ట్రిప్పులో ఉన్న కబుర్లు, వెక్కిరింతలు మరే ట్రిప్పులోనూ ఉండవు.

ఇలా నడుస్తుండగా ప్రభుత్వం పాత జీప్నీలు పోవాలంది. ఎవరి పర్మిట్ వాళ్లు పట్టుకుని తిరగడం ఇక కుదరదు, డ్రైవర్లంతా సంఘం పెట్టి, పర్మిట్లు సంఘానికి రాసిచ్చి, పొగ రాని కొత్త బండ్లు కొనాలి. ప్రభుత్వం కొంత ఇస్తుంది, బ్యాంకు అప్పిస్తుంది, కానీ మొదటి వాయిదా సంఘమే సొంతంగా కట్టాలి. గడువులోగా కట్టకపోతే ఆ దారి వేరే వాళ్లకు పోతుంది. ఆ వేరే వాళ్లు అప్పటికే కారు వేసుకుని మా దారంతా చూసి వెళ్లారు. చేపలరేవు దగ్గరకు రాగానే కారు అద్దాలు ఎత్తేశారు.

డ్రైవర్లు కొన్నాళ్లు సమ్మె చేశారు, కొన్నాళ్లు తిట్టారు, చివరికి సంఘం పెట్టారు. పేతాంగ్ తమ్ముడు క్రిస్పులో మాటకారి కాబట్టి అతన్నే అధ్యక్షుణ్ణి చేశారు. ఊళ్లో అతన్ని పులోంగ్ అంటారు. డ్రైవర్లంతా ఇళ్లలో ఉన్నది ఊడ్చి తెచ్చినా మొదటి వాయిదాకు సరిపోలేదు. అందరూ చేతులెత్తేశారు. పేతాంగ్ ఎత్తలేదు.

ఒక పొద్దున బండి కదిలించకుండా, అద్దంలోంచి మమ్మల్ని చూస్తూ అంది. "ఇన్నేళ్లూ పక్కోళ్ల డబ్బు ముందుకి అందించారు. ఈసారి మీది అందించండి. మా సంఘంలో వాటా ఇస్తాం, మీరూ మెంబర్లవుతారు. ఇవ్వనోళ్లని దింపెయ్యనులే, బిక్కమొహాలు పెట్టకండి."

చేపలమ్మే వాళ్లలో పెద్దది ఇస్కా. ఆవిడ నోటికి మార్కెట్ అంతా భయపడుతుంది. "వాటా ఇస్తే ఆ ఏసీ బండిలో నా తట్ట ఎక్కనిస్తారా?" అని అడిగింది.

"ఎక్కిస్తా."

"తీరా బండొచ్చాక మాట మారిస్తే?"

"మారిస్తే నీ తట్టలో నీళ్లు తెచ్చి నా నెత్తిన పొయ్యి, మనాంగ్."

"చేపల నీళ్లా, ఐసు నీళ్లా?"

"నీ ఇష్టం. ముందు డబ్బు తియ్యి."

మర్నాటి నుంచి ఆ డబ్బు నా చేతుల మీదుగానే వెళ్లింది. జేబురుమాళ్లలో చుట్టినవి, ప్లాస్టిక్ సంచుల్లో ముడేసినవి, పొలుసులు అంటుకున్నవి. రొట్టెలమ్మే ఆవిడ ఇచ్చింది, స్కూలు వాచ్‌మన్ ఇచ్చాడు, నేనూ ఇచ్చాను. మొదట్లో మిగతా డ్రైవర్లు నవ్వారు. తర్వాత వాళ్లూ తమ తమ బండ్లలో అడగడం మొదలుపెట్టారు. గడువుకు ముందే వాయిదా కట్టేశాం. ఆ రోజు నాకు కళ్లనీళ్లు వచ్చాయి, దాచుకోను కూడా లేదు.

కొత్త బండ్లు వచ్చాయి. తెల్లగా, చల్లగా, పెళ్లికొడుకుల్లా ఉన్నాయి. పాత జీప్నీకి గుమ్మం వెనక, వీటికి పక్కన. మొదటి రోజు జనమంతా అలవాటుగా బండి వెనక వరస కట్టి, తలుపు తియ్యమని రేకు మీద కొట్టారు. పేతాంగ్ దిగొచ్చి, పశువుల్ని మళ్లించినట్టు అందర్నీ పక్కకు మళ్లించింది. అందరూ నవ్వుకుంటుండగానే పులోంగ్ వచ్చి, తట్టలతో నిలబడ్డ ఆడవాళ్లకు చెయ్యి అడ్డం పెట్టాడు. ఏసీ బండిలో చేపలు ఎక్కించకూడదని సంఘం కమిటీ తీర్మానించిందట.

"నేను మాటిచ్చాను రా," అంది పేతాంగ్.

"నువ్విచ్చావు మనాంగ్, సంఘం ఇవ్వలేదు. అద్దాలు బిగించిన బండి ఇది. పొద్దున ఒక తట్ట ఎక్కితే సాయంత్రం దాకా ముక్కు మూసుకోవాలి. ఆఫీసులోళ్లు ఎక్కడం మానేస్తే బ్యాంకు వాయిదా ఎవరు కడతారు, ఇస్కా కడుతుందా?"

పులోంగ్ చెడ్డవాడు కాదు, ఆ లెక్కలో అబద్ధమూ లేదు. కానీ ఆ పూట నాకు అతని చెంప పగలగొట్టాలనిపించింది.

చేపల ఆడవాళ్లు ట్రైసికిళ్లు మాట్లాడుకున్నారు. రెండు చోట్ల మారాలి, రెండు చోట్లా డబ్బులివ్వాలి. మార్కెట్‌కు చేరేసరికి మంచి బేరాలు అయిపోతున్నాయి. ఇస్కా మధ్యాహ్నం కూడా సగం తట్టతో కూర్చుని ఉండేది. నెత్తిన నీళ్లు పొయ్యడానికి మాత్రం రాలేదు. వచ్చి పోసినా బాగుండేదని పేతాంగ్ నాతో అంది. చొక్కా కుట్టించుకునే వంకతో నా కొట్టుకొచ్చి, చొక్కా సంగతి ఎత్తకుండా కూర్చుంది.

"ఆదివారం సర్వసభ్య సమావేశం. అక్కడ తేల్చేస్తా."

"డ్రైవర్లంతా తమ్ముడి వైపే కదా మనాంగ్?"

"బండ్లు తక్కువ, డ్రైవర్లు ఎక్కువ. నా సీటు మీద కన్నేసినోళ్లు కొందరున్నారు. సీటు వదిలేస్తానంటే వాళ్ల చేతులు లేస్తాయి."

"ఆ తర్వాత నువ్వేం చేస్తావు?"

"కొట్టు పెట్టుకుని నిద్రపోతా," అంది. నవ్వలేదు.

సమావేశం బాస్కెట్‌బాల్ కోర్టులో. రూలు ప్రకారం మెంబర్లందరికీ కబురెళ్లింది కాబట్టి చేపల ఆడవాళ్లూ వచ్చి వెనక వరసల్లో కూర్చున్నారు. ముందు వరసల్లో డ్రైవర్లు. సమావేశం అయ్యాక పెట్టబోయే బత్చోయ్, మా ఊరి నూడుల్స్ సూపు, వాసన అప్పటికే కోర్టంతా కమ్మేసింది.

పేతాంగ్ లేచింది. "మొదటి ట్రిప్పుకి ఒక్క బండి. ఏసీ ఉండదు, అద్దాలు దించేస్తాం, వెనక సీట్లు తీసేసి తట్టలు పెడతాం. మార్కెట్ దగ్గర బండి నేనే కడిగి, సీట్లు బిగించి, రెండో ట్రిప్పుకి ఇస్తా. ఒప్పుకుంటే నా సీటు కూడా..."

"నీ సీటు ఎవడిక్కావాలి, కూర్చోవే," అంది వెనక నుంచి ఇస్కా. "చేతులెప్పుడు ఎత్తాలో నీ తమ్ముణ్ణి చెప్పమను."

"మీ చేతులెందుకు?" అన్నాడు ఒక డ్రైవరు.

"మెంబర్లం కామా? నా డబ్బు తీసుకున్న రోజు అవునన్నారుగా."

పులోంగ్ మొహం పాలిపోయింది. సంఘం పెట్టిన రోజు తన నోటితో తనే చదివిన రూలు అది. ఎవరికెన్ని వాటాలున్నా మనిషికి ఒకటే ఓటు. వాయిదా కోసం ప్రతి బండిలోనూ వాటాలు అమ్మిన డ్రైవర్లు, మార్కెట్ సగాన్ని తమ సంఘంలో కూర్చోబెట్టామన్న సంగతి ఒక్కరూ ఆలోచించలేదు.

వెనక వరసలన్నీ చేతులెత్తాయి. రొట్టెలావిడ ఎత్తింది, వాచ్‌మన్ ఎత్తాడు. నేను రెండు చేతులూ ఎత్తబోతే పక్కవాడు ఒకటి దించేశాడు. ముందు వరసల్లోనూ ఒకటీ అరా లేచాయి. లెక్కపెట్టాల్సిన పని లేకపోయినా పులోంగ్ లెక్కపెట్టి, తీర్మానం నెగ్గిందని గట్టిగానే చెప్పాడు. అది అతని పెద్దరికం.

బత్చోయ్ గిన్నె పట్టుకుని అక్క పక్కన కూర్చుని, "వీళ్ల ఓట్లున్నాయని ముందే తెలుసు కదూ నీకు?" అన్నాడు.

"తెలిస్తే సీటు వదులుకుంటానని ఎందుకంటాను రా, పిచ్చోడా. తిను, చల్లారిపోతుంది."

సోమవారం మొదటి ట్రిప్పు. అద్దాలు దించి, వెనక సీట్లు తీసి, పేతాంగ్ స్టీరింగు ముందు కూర్చుంది. తట్టలన్నీ ఎక్కాక ఇస్కా ఛార్జీ తీసి నా చేతిలో పెట్టింది. నేను ముందుకు అందించాను.

పేతాంగ్ తీసుకోలేదు. "ఓనరమ్మవి, ఇవాళొక్కరోజుకి నీకు ఛార్జీ ఏంటి?"

"ఓనర్ని కాబట్టే ఇస్తున్నా," అంది ఇస్కా. "అప్పు తీరక బ్యాంకోళ్లు నా బండి పట్టుకుపోతే తట్ట నెత్తిన పెట్టుకుని నడవమంటావా? తీసుకో. చిల్లర మాత్రం ఇచ్చెయ్."