పొగగొట్టం మీది గీతలు

నా చిన్నప్పుడు, అమ్మ పోయిన ఏడో నెలలో ఒక ఉదయం, మా వంటింట్లో ఉన్నవాళ్లం ఐదుగురం: నాన్న, మా అవ్వ, తాపీ మేస్త్రి, చీర ఉయ్యాలలో ఏడు నెలల చెల్లెలు, నేను. ఉన్న వస్తువులు: గడ్డపార, నీళ్ల బొక్కెన, తడి గోనెసంచి, కాస్త వరిగడ్డి, గాలివానకు నిలువునా చీలిన పొగగొట్టం.

బిట్రగుంటలో రైల్వే క్వార్టర్లు దాటాక ఉండేది మా ఇల్లు. ఆ గొట్టాన్ని నాన్న ఇటుక, మట్టితో తానే కట్టాడు. వారం వారం ఎర్రమట్టితో అలికేది మాత్రం అమ్మ. కాన్పుకు ముందురోజు కూడా అలికింది. ఆ కాన్పులోనే పోయింది. ఆమె వేళ్ల గీతలు గొట్టం గోడ మీద ఎండి అలాగే నిలిచాయి. అవ్వ రోజూ పొయ్యి అలికేది కానీ ఆమె చెయ్యి గట్టు దాటి పైకి వెళ్లేది కాదు. ఎందుకని ఎవరమూ అడగలేదు.

గాలివాన తర్వాత పొగంతా ఇంట్లోకే వచ్చేది. చెల్లెలు దగ్గి దగ్గి నీలంగా మారేది. నాన్న లోకో షెడ్డులో ఫిట్టరు. ఆవిరి కారే జాయింట్లకు చుట్టే తాడు తెచ్చి, గీతలు చెరగకుండా చీలికలో కుక్కాడు. మూడుసార్లు కుక్కాడు. మూడుసార్లూ ఊడొచ్చింది.

ఆ ఉదయం వచ్చిన మేస్త్రి ఊడి వేలాడే తాడు చూసి నవ్వాడు. "ఏందన్నా, పొయ్యిని కూడా ఇంజననుకున్నావా?"

"పగులు పూడ్చు చాలు. గోడ జోలికి మాత్రం పోబాక" అన్నాడు నాన్న.

చెల్లెల్ని ఎత్తుకుని బయటికి వెళ్లమని మేస్త్రి అవ్వతో అన్నాడు. పైకెక్కి గొట్టం మూతిని తడి గోనెతో మూశాడు. దిగి వచ్చి పొయ్యిలో తడిపిన గడ్డి రాజేశాడు. కాసేపటికి పొగ చీలికలోంచే కాదు, అమ్మ వేళ్లు మట్టిని పలచన చేసిన ప్రతి గీతలోంచీ సన్నగా కారింది.

"చూసినావా? లోపల ఇటుకంతా కదిలిపోయుండాది. ఈ మట్టి పొరే నిలబెట్టుండాది. అతికితే ఆగదన్నా."

బయట చెల్లెలు దగ్గింది.

"కొట్టెయ్" అన్నాడు నాన్న.

నేను పలక తెచ్చుకుని గోడ దగ్గరికి వెళ్లి గీతలు లెక్కపెట్టాను. నా లెక్క అయ్యేదాకా మేస్త్రి గడ్డపార కింద పెట్టి ఆగాడు. లెక్క అయ్యాక కూడా వెంటనే దాన్ని ఎత్తలేదు. తాపీతో అమ్మ అలికిన మట్టిని పెచ్చులుగా గీకి బొక్కెనలో నానబెట్టాడు. కొత్త గొట్టం లేచాక ఆ మట్టినే మెత్తగా కలిపి అవ్వ ముందు పెట్టాడు.

"ఇది పారబోసేది కాదమ్మా. నువ్వే అలుకు."

అవ్వ అలికింది. ఆమె వేళ్లు వంకర. గీతలు వేరుగా వచ్చాయి. నాన్న ఆ పూట అన్నం తినలేదు. చెల్లెలు దగ్గకుండా నిద్రపోయింది.

తర్వాత నేను సివిల్ డిప్లొమా చదివాను. పాత కట్టడాలను బాగుచేయాలో పడగొట్టాలో చూసి రాసివ్వడం నా ఉద్యోగం. పడగొట్టమనే ఎక్కువసార్లు రాశాను. అయితే, చివరిసారి చూసుకోవలసింది ఏమైనా ఉందా అని ఇంటివాళ్లను అడగకుండా ఎక్కడా గడ్డపార ఎత్తనివ్వలేదు.

పలక మీది అంకె మర్నాటికే చెరిగిపోయింది. నాకు గుర్తుంది. వరసకు నాలుగు, తొమ్మిది వరసలు. ముప్పై ఆరు గీతలు.