ఇంకొక్క బుడగ

కొండమీది జీపుల ఊరు మానేభంజాంగ్‌లో బ్రేకులు బాగుచేసేవాళ్లు చాలామంది ఉన్నారు. "అయిపోయింది, బయల్దేరు" అనే మాట నోట రాని మెకానిక్ మాత్రం నర్‌ధోజ్ లింబూ ఒక్కడే. నాలుగు చక్రాల బ్రేకుల్లోంచీ గాలి తీసేశాక, డ్రైవరు సరిగ్గా తాళం తిప్పబోయే శుభముహూర్తాన, జీపు కిందినుంచి గంభీరమైన కంఠం ఒకటి వినిపిస్తుంది:

"ఆగు. ఇంకొక్క బుడగ ఉంది."

తొక్కిన పెడల్ మెత్తగా లోపలికి పోతోందంటే బ్రేకు నూనెలో గాలి చేరిందన్నమాట. ఒకరు పెడల్ తొక్కి పట్టాలి. ఇంకొకరు చక్రం దగ్గర మర వదులు చేసి, గాలినీ కాస్త నూనెనూ సీసాలోకి పోనిచ్చి, మళ్లీ బిగించాలి. అప్పుడే కాలు తీయాలి. తొందరపడితే పోయిన గాలి చుట్టాన్ని వెంటబెట్టుకుని వస్తుంది. మొత్తం గంట పని. నర్‌ధోజ్ చేతిలో అది యజ్ఞం. పైగా పెడల్ మీద ఆ బండి డ్రైవరు కాలే ఉండాలి, ఇంకెవరి కాలూ పనికిరాదు.

"నా పెళ్లిలో కూడా ఇంతసేపు కూర్చోలేదు దాజూ!" అని ఒకడు మొరపెట్టుకున్నాడు. ఊరందరికీ ఆయన దాజూయే, అంటే పెద్దన్న.

"అందుకే మీ ఆవిడతో నీకింకా కుదరలేదు. తొక్కు," అన్నాడు కిందినుంచి పెద్దన్న.

డ్రైవరు పాల్దెన్ జీపు పెడల్ మెత్తబడింది సరిగ్గా అతని వంతు రోజునే. ఎనిమిదింటికి కోల్‌కతా నుంచి వచ్చిన ఆరుగురు యాత్రికుల్ని సందక్‌ఫూ కొండెక్కించాలి. జీపుల సంఘం నిబంధన శిలాశాసనం: బండి షెడ్డులో ఉంటే వంతు నిలుస్తుంది; డ్రైవరుకే ఒంట్లో బాగాలేదంటే వంతు జాబితా అడుగుకు పోతుంది, మళ్లీ పైకి రావడానికి పది రోజులు. ఇంట్లో మూడు నెలల కవలలు. ఒకరు నిద్రపోతే రెండోవారు దాన్ని అవమానంగా భావిస్తారు. పాల్దెన్‌కి కంటిమీద కునుకు లేక రెండు రాత్రులయింది. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. చెబితే వంతు పోతుంది.

ఆరున్నరకే షెడ్డులో పని మొదలైంది.

"తొక్కు."

"తొక్కాను."

"పట్టుకో... వదులు. వదులు! ఒరేయ్, నిద్రపోతున్నావా?"

"లేదు దాజూ, ఆలోచిస్తున్నా."

"ఆలోచనకి గురకెందుకురా?"

ఏడున్నరకి పెడల్ రాయిలా గట్టిపడింది. పాల్దెన్ తాళం మీద చెయ్యి వేశాడు.

"ఆగు. ఇంకొక్క బుడగ ఉంది."

పాల్దెన్ కిందికి దూకి, చక్రానికి తగిలించిన సన్నగొట్టంలోకి చూశాడు. నూనె తేనెలా నిలిచి ఉంది. బుడగ కాదుగదా, నలుసు కూడా లేదు.

"ఏదీ బుడగ?"

"నీ కంటికి ఆనదు."

"దాజూ, నీకు పిచ్చి!"

"ఊరందరికీ తెలిసిన సంగతి చెప్పి నా పొద్దు పాడుచేయకు. ఎక్కి తొక్కిపట్టు. నేను చెప్పేదాకా వదిలావో, చూసుకో."

పాల్దెన్ తిట్టుకుంటూ ఎక్కి తొక్కిపట్టాడు. 'వదులు' అనే మాట కోసం ఎదురుచూశాడు. ఆ మాట ఎంతకీ రాలేదు.

మెలకువ వచ్చేసరికి మొహాన ఎండ, ఒంటిమీద ఎవరిదో శాలువా. గోడ గడియారం పదిన్నర చూపిస్తోంది. కాలు ఇంకా పెడల్ మీదే ఉంది. పెడల్ వేలెడు కూడా దిగలేదు. ఎదురు కొట్లో కోల్‌కతా వాళ్లు రెండో విడత మోమోలు తింటున్నారు. జీపు పక్కన సంఘం కార్యదర్శి బీర్‌ధన్, చేతిలో పుస్తకం.

"నా వంతు పోయిందా అన్నా?" అంటూ పాల్దెన్ గబుక్కున లేచాడు.

"బండి షెడ్డులో ఉంటే వంతెలా పోతుందయ్యా? నిబంధన తెలీదూ?" బీర్‌ధన్ పుస్తకం తెరిచాడు. "దాజూ, ఆలస్యానికి కారణం ఏమని రాయను?"

"బుడగ."

"మూడు గంటలా?"

"పెద్దది."

పాల్దెన్ గోడవైపు చూశాడు. పానాలన్నీ ఎప్పుడో తుడిచి మేకులకు తగిలించి ఉన్నాయి. నూనె సీసాకు మూత పెట్టి ఉంది.

"ఎలా తెలిసింది దాజూ?" అన్నాడు మెల్లిగా.

"నేను 'వదులు' అంటే నీ కాలు రెండు క్షణాలు ఆలోచిస్తోంది. కొండ దిగేటప్పుడు లోయ అంతసేపు ఆగదురా. పో, మొహం కడుక్కో. నీ వాళ్లు మూడో విడతకి కేకేస్తున్నారు."

పాల్దెన్ మొహం కడుక్కుని వచ్చి బండి తీశాడు. బీర్‌ధన్ మాత్రం కదల్లేదు. ఆయనా డ్రైవరే. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అన్నాడు:

"దాజూ, రేపు నా వంతు. బండి తీసుకురానా?"

"పెడల్ మెత్తగా ఉందా?"

"రాయిలా ఉంది. నాకే రాత్రంతా పన్ను నొప్పి."

నర్‌ధోజ్ చక్రాన్ని చూసినంత శ్రద్ధగా ఆయన దవడను చూశాడు.

"ఆరింటికి తీసుకురా. పళ్ల డాక్టరు పదింటికి వస్తాడు. పదకొండుకల్లా బుడగ పోతుంది."